అరిసెలు పంచే లోపు

ఏలూరు దగ్గరి పెదవేగి చుట్టుపక్కల చంటిబిడ్డ ఉన్న ఇంటికి ఎవరు చూడ్డానికి వచ్చినా, కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు ఒక మాట అడుగుతారు. "ఏవే అమ్మాయ్, బోర్లా పడ్డాడా?" రెండు నెలలు పోయాక "పాకుతున్నాడా?" అంటారు. ఏడాది దగ్గరపడితే "అరిసెలెప్పుడు పెడతారండీ?" అంటారు. అడిగేవాళ్లకు అది పలకరింపే. పక్కింటి పిల్ల అప్పటికే గడప పట్టుకుని నిలబడుతుంటే, వినే తల్లికి మాత్రం గుండెల్లో కలుక్కుమంటుంది. భర్త పామాయిల్ గెలలు కోసే పనికి వెళ్తే ఇంట్లో అత్తగారితో ఉండే అమ్మాయికీ, ఏలూరులో ఉద్యోగం చేసుకుంటూ బిడ్డను అమ్మ దగ్గర వదిలిన అమ్మాయికీ, కొల్లేటి చేపల చెరువు గట్టు మీద కాపలా పాకలో కాపురముండే అమ్మాయికీ ఈ గుబులు ఒకటే.

బిడ్డ తొలి ఏడాది గురించి మన దగ్గర రెండు రకాల తెలివిడి ఉంది. ఒకటి అమ్మమ్మలూ నాయనమ్మలూ వేడుకల రూపంలో దాచి ఇచ్చినది. రెండోది గత వందేళ్లలో వైద్యులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు పిల్లల్ని కొలిచి, లెక్కగట్టి పోగుచేసినది. రెండూ కలిపి చదివితే నాకు కనిపించింది ఇది: మన వేడుకలు బిడ్డ ఒంటి కదలికను ఎంతో శ్రద్ధగా కనిపెడతాయి. చెవిని, కంటిని, మాట రాకముందే మాట్లాడే చూపునీ వేలినీ అంతగా కనిపెట్టవు. ఆలస్యం చేస్తే చెయ్యి దాటిపోయే సమస్యలు చాలావరకు అక్కడే ఉన్నాయి.

ముందు వేడుకల సంగతి. పురుడు పోసుకున్న పదకొండో రోజు స్నానం, ఇరవై ఒకటో రోజు బారసాల, ఉయ్యాలలో వెయ్యడం, పళ్లెంలో బియ్యం పోసి పేరు రాయడం. తర్వాత నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు. ఊరిని బట్టి, ఇంటి ఆనవాయితీని బట్టి ఈ వరసలో ఒకటి రెండు మారతాయి. అన్నప్రాశనకు మగపిల్లలకైతే సరి నెల, ఆడపిల్లలకైతే బేసి నెల. ఈ ప్రాంతంలో చాలామంది ద్వారకా తిరుమల తీసుకెళ్తారు. ఇంట్లో చేసేవాళ్లు బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, పూలు పెట్టి, ఏది పట్టుకుంటుందా అని ఊపిరి బిగబట్టి చూస్తారు. అడుగుల రోజున అరిసెల మీద నడిపించి, వాటిని వీధంతా పంచుతారు.

ఈ సంబరం వెనుక ఉన్నది భయం. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది తొలి పుట్టినరోజు చూడకుండానే పోయేవాళ్లు. వరసగా బిడ్డలు దక్కని ఇళ్లలో తర్వాత పుట్టినవాడికి పుల్లయ్య అనో పెంటయ్య అనో పేరు పెట్టి, దిష్టి కళ్లకు ఆనకుండా దాచుకున్నారు. అలాంటి కాలంలో బోర్లా పడ్డ ప్రతి బిడ్డా ఒక గండం దాటినట్టే. 2020 నాటికి ఆ సంఖ్య దేశంలో 28కి, ఆంధ్రప్రదేశ్‌లో 24కి దిగింది. ఇప్పుడు పుట్టే బిడ్డల్లో అత్యధికులు బతుకుతారు. కాబట్టి తర్వాతి ప్రశ్న వచ్చింది: బతికిన బిడ్డ బాగా ఎదుగుతోందా?

వేడుకలకు ఇంకో గుణం ఉంది, దాన్ని చిన్నచూపు చూడకూడదు. అరిసెలు పంచడమంటే మా బిడ్డ నడిచిందని వీధి మొత్తానికి తెలియజెయ్యడం. ఏడాదిన్నర దాటినా ఒక ఇంటి నుంచి అరిసెలు రాకపోతే నలుగురి దృష్టీ అటు వెళ్తుంది. ఏ రిజిస్టరూ లేని రోజుల్లో బిడ్డల ఎదుగుదలను ఊరు గమనించిన పద్ధతి అది. అయితే పిండివంట లేని మెట్టును ఊరు గమనించలేదు. పిలిస్తే తల తిప్పిన రోజుకు ఏ వంటా లేదు. చందమామ వైపు వేలు చూపించిన రోజుకూ లేదు.

ఇక కొలతల సంగతి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ గెసెల్ అనే వైద్యుడు 1920ల నుంచి పసిబిడ్డల కదలికలను సినిమా కెమెరాలతో చిత్రీకరించి, ఏ వయసుకు ఏం చేస్తారో పట్టికలు కట్టాడు. బిడ్డ లోపలి నుంచే ఒక క్రమంలో విచ్చుకుంటుందన్నది ఆయన నమ్మకం. పట్టికలు ఉపయోగపడ్డాయి కానీ వాటిలోని సగటు వయసును తల్లిదండ్రులు గడువుగా అర్థం చేసుకున్నారు. సగటు అంటేనే సగం మంది ఆ తర్వాత చేస్తారని ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆ అపార్థం ఈ రోజుకీ ఫోన్‌లో వచ్చే నెలవారీ చార్టుల్లో బతికే ఉంది.

దాన్ని సరిచేసిన గట్టి పని ప్రపంచ ఆరోగ్య సంస్థది. 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో, తల్లిపాలు తాగుతూ మంచి వసతిలో పెరుగుతున్న పిల్లల్ని ఎంచుకుని కొలిచారు. మన దేశం తరఫున దక్షిణ ఢిల్లీ పిల్లలున్నారు. కదలికల అధ్యయనం బ్రెజిల్ తప్ప మిగతా ఐదు దేశాల్లో 816 మంది పిల్లల మీద జరిగింది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా వస్తుందని తేలింది. చేతులూ మోకాళ్ల మీద పాకడం 5.2 నుంచి 13.5 నెలల మధ్య. ఏదైనా పట్టుకుని నిలబడటం 4.8 నుంచి 11.4 మధ్య. ఒంటరిగా నిలబడటం 6.9 నుంచి 16.9 మధ్య. ఒంటరిగా నడవడం 8.2 నుంచి 17.6 మధ్య. అంటే ఇద్దరు పూర్తి ఆరోగ్యవంతులైన పిల్లల తొలి అడుగుల మధ్య తొమ్మిది నెలల తేడా ఉండొచ్చు. ఒకే వీధిలో ఒకే వారంలో పుట్టిన ఇద్దరిలో ఒకరి అరిసెలు సంక్రాంతికి, ఇంకొకరివి దసరాకి వచ్చినా ఇద్దరిలో ఎవరికీ ఏ లోటూ ఉండకపోవచ్చు.

ఆ అధ్యయనంలోనే నూటికి 4.3 మంది అసలు మోకాళ్ల మీద పాకనే లేదు. కొందరు పొట్ట మీద జరిగారు, కొందరు కూర్చునే దేకారు, కొందరు తిన్నగా లేచి నిలబడ్డారు. "పాకని పిల్లాడికి నడక సరిగ్గా రాదు" అని మన వాళ్లు పెట్టుకునే దిగులుకు ఆధారం లేదన్నమాట. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో తన జాబితా మార్చినప్పుడు పాకడాన్ని తీసేసింది. అంతకుముందు సగం మంది చేసే వయసును రాసేవాళ్లు, ఇప్పుడు నాలుగింట మూడొంతుల మంది చేసే వయసును రాస్తున్నారు. వేచి చూద్దామనే మాటకు చోటు తగ్గించాలని వాళ్ల ఉద్దేశం. పాకడాన్ని తీసెయ్యడం మీద అక్కడి ఫిజియోథెరపిస్టులు చాలామంది అభ్యంతరపెట్టారు. నాకు ఇద్దరి మాటలోనూ న్యాయం కనిపిస్తుంది. పాకలేదని బెంగపడక్కర్లేదు. కానీ పాకే అవకాశమే ఇవ్వకపోవడం వేరే సంగతి.

అవకాశం అన్నది గెసెల్ తక్కువ అంచనా వేసిన విషయం. చార్లెస్ సూపర్ అనే పరిశోధకుడు 1976లో కెన్యాలోని కిప్సిగిస్ జనం గురించి రాశాడు. వాళ్లు బిడ్డను నేలలో చిన్న గుంట చేసి కూర్చోబెడతారు, చేతులు పట్టి నడిపిస్తారు. ఆ పిల్లలు పాశ్చాత్య పిల్లల కంటే ముందే కూర్చుంటారు, ముందే నడుస్తారు. ఎవరూ నేర్పని పాకడంలో మాత్రం వాళ్లకు ముందంజ లేదు. నేర్పితే త్వరగా వస్తుంది, నేర్పకపోతే తన వేళకు వస్తుంది. రెండింటిలో ఏ పిల్లాడూ మందమతి కాడు.

మన వైపు నేర్పే పని జరిగేది నీళ్లు పోసే వేళ. పెద్దావిడ పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనెతో మర్దనా చేసి, చేతులూ కాళ్లూ అటూ ఇటూ కలిపి సాగదీసి, సున్నిపిండి పెట్టి పోస్తుంది. ఆ బోర్లా వెయ్యడంలోనే మెడ ఎత్తే సాధన ఉంది. నెలలు తక్కువ పిల్లలకు సున్నితమైన మర్దనా బరువు పెరగడానికి సాయపడుతుందని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. అయితే ఆ స్నానంలోనే మానుకోవలసినవీ ఉన్నాయి. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వెయ్యడం ప్రమాదం. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా తెచ్చిపెడుతుంది. ముక్కు నొక్కి నిలబెట్టాలని, తల గుండ్రంగా రావాలని పిసకడం వల్ల బిడ్డకు నొప్పి తప్ప ఏమీ రాదు. సాంబ్రాణి పొగ చిన్న ఊపిరితిత్తులకు పొగే. మర్దనా ఉంచుకుని మిగతావి వదిలేస్తే ఆ పెద్దావిడ నైపుణ్యానికి ఏ లోటూ రాదు.

నిద్ర విషయంలో మాత్రం బోర్లా వద్దు. పసిబిడ్డలు నిద్రలో హఠాత్తుగా చనిపోవడాన్ని ఆపడానికి 1994లో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టమనే ఉద్యమం మొదలైంది, ఆ మరణాలు బాగా తగ్గాయి. దాంతోపాటు పిల్లలు బోర్లా ఉండే సమయమూ తగ్గి, కొందరికి దొర్లడం, పాకడం కాస్త వెనకబడ్డాయి. అందుకే మెలకువగా ఉన్నప్పుడు, మనిషి పక్కన ఉండగా, రోజు మొత్తం మీద కనీసం అరగంట బోర్లా ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. గంటకు మించి ఒకే చోట కట్టిపడేసినట్టు ఉంచొద్దని కూడా అంది. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో బిడ్డ హాయిగా నిద్రపోతుంది. మెలకువ వచ్చాక కూడా అందులోనే ఉంటే చేతికీ కాలికీ పని దొరకదు.

కొల్లేటి లంకల్లో ఇది అంత తేలిగ్గా చెప్పే సలహా కాదు. ఇంటి చుట్టూ నీళ్లు, చెరువు గట్టు, వాకిట్లో దోనె. అక్కడ పాకే బిడ్డను నేల మీద వదలడమంటే కన్ను ఆర్పకుండా కూర్చోవడమే. వలకో మేతకో వెళ్లాల్సిన తల్లి బిడ్డను ఉయ్యాలలో వేసో చంకన వేసుకునో పని చేసుకుంటుంది. అది అశ్రద్ధ కాదు, ప్రాణభయం. ఇలాంటి నీటి ఊళ్లే నిండిన బంగ్లాదేశ్‌లో పగటిపూట పిల్లల్ని ఊళ్లోనే ఒక ఇంట్లో చేర్చి చూసుకునే ఏర్పాటు పెద్ద ఎత్తున చేశారు, నీట మునిగి పోయే పసిపిల్లల సంఖ్య బాగా తగ్గింది. మన అంగన్‌వాడీలో ఆటపాటల బడి మూడేళ్లు నిండినవాళ్లకు. తొమ్మిది నెలల పాకే బిడ్డను పగలు చూసుకునే చోటు లంక గ్రామాలకు అన్నిటికంటే ముందు కావాలి.

ఇక బజార్లో అమ్మే, బిడ్డను గుడ్డ సీటులో కూర్చోబెట్టి చక్రాల మీద తిప్పే వాకర్ గురించి ఒక్క మాట. అది నడక నేర్పదు, మెట్ల మీదకీ పొయ్యి మీదకీ తీసుకెళ్తుంది. కెనడా 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. వడ్రంగి చేసి ఇచ్చే మూడు చక్రాల కొయ్య బండి వేరు. బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడి దాన్ని తోస్తుంది.

ఇప్పుడు వేడుక లేని చోటికి వద్దాం. కడుపులో ఉండగానే బిడ్డ తల్లి గొంతు వింటుంది. పుట్టాక తొలి నెలల్లో ప్రపంచంలోని దాదాపు ఏ భాషలోని శబ్దాన్నైనా వేరు చేసి వినగలదు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు 1984లో కెనడాలో ఇంగ్లీషు ఇళ్ల పసిబిడ్డలకు హిందీలోని ట, త శబ్దాలు వినిపించారు. 6 నుంచి 8 నెలల పిల్లలు దాదాపు అందరూ ఆ తేడా పట్టుకున్నారు. 10 నుంచి 12 నెలల వాళ్లలో ఆ తేడా పట్టుకున్నవాళ్లు బహు కొద్దిమంది. వాళ్ల చుట్టూ ఆ తేడా అవసరం లేదు కాబట్టి చెవి దాన్ని వదిలేసింది. మన ఇంట్లో 'పాట', 'పాత' రెండూ రోజూ వినే బిడ్డ అదే సమయంలో ఆ తేడాను తనలో పాతుకుంటుంది. అంటే ఒక్క మాట కూడా పలకని బిడ్డ తొలి ఏడాదిలోనే తెలుగు నేర్చుకుంటోంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లల ఇళ్లకు ఆరు నెలలు వెళ్లే అమ్మమ్మలు బిడ్డతో ఆపకుండా తెలుగులో మాట్లాడటం ఈ లెక్కన ఎంత పెద్ద పనో ఆలోచించండి. రెండు భాషలు వింటే మాట ఆలస్యమవుతుందన్నది నిజం కాదు.

చెవి వినకపోతే ఇదంతా జరగదు. బాధ ఏమిటంటే ఆ సంగతి ఇంట్లో వాళ్లకు తెలియడం కష్టం. పుట్టు చెవుడున్న బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊ కొడుతుంది, కేరుతుంది, నవ్వుతుంది. తలుపు ధడేల్మంటే ఆ అదురుకు కదులుతుంది. ఆరేడు నెలలకు మిగతా పిల్లలు 'బబబ', 'దదద', 'తాతా' అంటూ అక్షరాలు గుప్పిస్తుంటే అక్కడ వెనకబడుతుంది. అప్పటికీ "మగపిల్లాడు కదండీ, మాటలు ఆలస్యం", "వాళ్ల నాన్న కూడా మూడేళ్లకు గానీ మాట్లాడలేదు" అనే ఓదార్పు సిద్ధంగా ఉంటుంది. ప్రేమతో చెప్పే ఆ ఓదార్పు వల్ల పోయే కాలం తిరిగి రాదు. నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు వినికిడి యంత్రం లేదా చికిత్స మొదలు కావాలన్నది ప్రపంచమంతటా వైద్యులు ఒప్పుకున్న లెక్క. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి నిమిషాల్లో చేసే పరీక్ష అది, నొప్పి ఉండదు. కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఉంది. కానీ మెదడు భాషకు తెరుచుకుని ఉన్న వయసులో జరిగితేనే దాని ఫలం పూర్తిగా అందుతుంది.

ఈ మాట మన రాష్ట్రంలో మరింత గట్టిగా చెప్పాలి. ఇక్కడ ఇంచుమించు నాలుగు పెళ్లిళ్లలో ఒకటి రక్త సంబంధీకుల మధ్య జరుగుతోంది. మేనమామకో మేనబావకో ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ సమస్య వస్తుందని కాదు, చాలా ఇళ్లలో రాదు. కానీ తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపం బిడ్డకు చేరే అవకాశం మేనరికంలో పెరుగుతుంది, పుట్టు చెవుడు అలాంటి వాటిలో ముఖ్యమైనది. మేనరికం ఇంట్లో బిడ్డకూ, కామెర్లు బాగా ముదిరిన బిడ్డకూ, ఐసీయూలో ఉండి వచ్చిన బిడ్డకూ చెవి పరీక్ష తప్పనిసరి.

దాని బదులు మన ఇళ్లలో జరిగేది వస పొయ్యడం. వస కొమ్ము అరగదీసి తేనెతోనో పాలతోనో నాలుకకు రాస్తే మాటలు బాగా వస్తాయని నమ్మకం. వసలో బీటా-అసరోన్ అనే పదార్థం ఉంది. జంతువుల్లో అది క్యాన్సర్ కారకమని తేలడంతో అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో కలపకుండా నిషేధించింది. మాట నాలుకతో మొదలవదు, చెవితో మొదలవుతుంది. ఏడాది లోపు తేనె కూడా పెట్టకూడదు, అరుదుగా అయినా బాట్యులిజం అనే ప్రమాదం ఉంది.

కంటిదీ, వేలిదీ ఇంకో కథ. ఆరు నుంచి ఎనిమిది వారాలకు బిడ్డ మొహంలో మొహం పెట్టి నవ్వుతుంది. ఆరేడు నెలలకు కొత్తవాళ్లను చూసి ఏడుస్తుంది. దాన్ని దిష్టి అనుకుంటారు గానీ, నావాళ్లెవరో నాకు తెలుసునని బిడ్డ చెప్పే మొదటి మాట అది. దోబూచులాడినప్పుడు ఎనిమిదో నెల బిడ్డ కిలకిలా నవ్వేది, గుడ్డ వెనక అమ్మ ఉందని తెలిసినందుకే. తొమ్మిది, పది నెలలకు బొటనవేలూ చూపుడువేలూ కలిపి మరమరం గింజ ఏరుతుంది. ఏడాది దాటుతుండగా చెట్టు మీద కాకిని వేలుతో చూపించి, వెనక్కి తిరిగి నీ మొహం చూస్తుంది. నాకు కనిపించింది నీకూ కనిపిస్తోందా అని అడిగే ఆ చూపు మనిషి పిల్లకు ఉన్న గొప్ప ఐశ్వర్యం. పేరు పెట్టి పిలిచినా తిరగకపోవడం, వేలు చూపించకపోవడం, కళ్లలోకి చూడకపోవడం ఆటిజం తొలి గుర్తులు కావచ్చు. నడక ఎంత ముందొచ్చినా ఇవి లేకపోతే ఆలోచించాలి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ లెక్క వేరు. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఎనిమిదో నెల వచ్చిందంటే ఎదుగుదల లెక్కలో ఆరో నెలే. ఈ ఒక్క తీసివేత ఎవరూ చెప్పక చాలామంది తల్లులు అనవసరంగా కుమిలిపోతారు. అయితే ఆ బిడ్డల కంటి పరీక్షకు ఈ వెసులుబాటు లేదు. రెండు కిలోల కంటే తక్కువ బరువుతోనో 34 వారాల లోపో పుట్టిన బిడ్డకు కంటి వెనక రెటీనాలో రక్తనాళాలు వికారంగా పెరిగే జబ్బు రావచ్చు. పుట్టిన 30 రోజుల్లోపు చూపిస్తే ఆపవచ్చు, దాటితే చూపు పోవచ్చు. బయటికి కన్ను మామూలుగానే కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఈ 30 రోజుల మాటను ఏళ్లుగా చాటుతోంది. దాని విజయవాడ శాఖ ఏలూరు వాళ్లకు దగ్గరే.

బిడ్డ అన్నిటిలోనూ మందంగా ఉంటే రక్తం వైపు చూడాలి. రాధా రమాదేవి, నౌషాద్ అనే పరిశోధకులు హైదరాబాద్‌లో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించి 2004లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 1,700 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉంది. మడమ నుంచి తీసే రెండు చుక్కల రక్తంతో తెలుస్తుంది, మొదటి వారాల్లోనే చౌకైన మాత్ర మొదలుపెడితే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. ఆలస్యమైతే తెలివి దెబ్బతింటుంది. దేశంలో పుట్టే ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష ఇంకా అందడం లేదు. రెండోది బి12. వెల్లూరు వైద్యులు 1962లో లాన్సెట్ పత్రికలో రాసినట్టు, తల్లికి ఆ విటమిన్ లోపిస్తే పాలు తాగే బిడ్డ అప్పటిదాకా వచ్చిన నవ్వునూ, మెడ నిలపడాన్నీ కూడా మరిచిపోతుంది. ఇంజెక్షన్లతో కోలుకుంటుంది. మూడోది, అన్నిటికంటే విస్తారమైనది, ఇనుము లోపం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరో నెల నుంచి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఆశా కార్యకర్త ద్వారా ఉచితంగా ఇవ్వాలన్నది నియమం.

అదే సర్వేలో ఇంకో అంకె నన్ను ఎక్కువ కలవరపెట్టింది. దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో సరిపడా తిండి, సరైన రకాలతో అందుతున్నది 11 శాతం మందికే. ఇది పేదరికం ఒక్కదాని వల్ల కాదు. అన్నప్రాశన ఘనంగా చేసి, మర్నాటి నుంచి బిడ్డకు పప్పుకట్టు, చారునీళ్లు తాగించే ఇళ్లు ఎన్నో. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు తల్లిపాలు కాక రోజుకు 200 కేలరీలు, తొమ్మిది నుంచి పదకొండు నెలలకు 300 కావాలి. పప్పు మీది తేటలో అంత బలం లేదు. ముద్దపప్పు, నెయ్యి, గుడ్డు, ముళ్లు తీసి మెదిపిన చేప కావాలి. కొల్లేటి ఒడ్డున ఉండి "పళ్లు రాకుండా చేప ఏంటండీ" అని ఏడాది దాకా ఆపడం బిడ్డ నోటి దగ్గరి ఇనుమునూ మాంసకృత్తులనూ దూరం చెయ్యడమే. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం బిడ్డకే పెట్టాలి, ఇంటిల్లిపాదికీ పంచకూడదు.

తిండితో పాటు ఆట కూడా కావాలని మన తెలుగు పల్లెల్లోనే రుజువైంది. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్, అమెరికా పరిశోధకులతో కలిసి నల్గొండ జిల్లాలో 60 గ్రామాల్లో, 600 మంది తల్లీబిడ్డలతో చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. బిడ్డలకు మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఒక వరస గ్రామాల్లో మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో వరసలో ఏం పెట్టాలో ఇంటికెళ్లి చెప్పారు. మూడో వరసలో ఏం పెట్టాలో చెబుతూ, బిడ్డ ఆకలి సైగలు చూసి ఎలా తినిపించాలో, చిన్న బొమ్మలతో ఎలా ఆడించాలో కూడా నేర్పారు. చివర్లో మానసిక వికాసం పరీక్షలో మామూలు సేవల గ్రామాల కంటే మూడో వరస పిల్లలు మెరుగ్గా నిలిచారు. ఖరీదైన పరికరం ఏదీ లేదు. బిడ్డ మొహంలోకి చూస్తూ తినిపించడం, మాట్లాడటం, ఆడటం. ఫోన్‌లో పాట పెట్టి, తెర చూస్తూ నోరు తెరిచినప్పుడు ముద్ద కుక్కే అలవాటు సరిగ్గా దీనికి ఎదురు. ఏడాది లోపు బిడ్డకు తెర అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అయితే ఎప్పుడు భయపడాలి? మూడు నెలలు నిండినా నవ్వకపోతే, ఐదో నెలకు కూడా మెడ నిలవకపోతే, తొమ్మిది దాటినా కూర్చోకపోతే, పది నెలలకు అక్షరాల మూట విప్పకపోతే, ఏడాదికి పిలిస్తే పలకకపోతే డాక్టరుకు చూపించాలి. ఏడాది లోపే ఒక చేతినే వాడుతూ రెండో చేతిని పిడికిలి బిగించి ఉంచితే దాన్ని ఎడమ చేతివాటం అని సరిపెట్టుకోకూడదు. అన్నిటికంటే గట్టి గుర్తు, వచ్చింది పోవడం. నిన్నటిదాకా చేసిన పని ఇవాళ చెయ్యకపోతే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

వీటిని గుర్తించడానికి మన దేశంలో పరికరాలు లేక కాదు. బరోడాలో ప్రమీలా ఫాటక్ భారతీయ శిశువుల కోసం కొలమానం తయారుచేశారు. దాని ఆధారంగా తిరువనంతపురంలో ఎం.కె.సి. నాయర్ బృందం 1991లో 17 అంశాల చిన్న పట్టీ రూపొందించింది. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు నిమిషాల్లో వాడగలిగినది అది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి ఎదుగుదల లోపాలు చూడాలి. తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఎదుగుదల మెట్ల బొమ్మలు కూడా ఉన్నాయి. తూకం వేసి బరువు రాయడం అలవాటైనంతగా ఆ బొమ్మల పేజీ తిప్పి అడగడం ఇంకా అలవాటు కాలేదు.

ఈ ఏర్పాట్లలో ఒక సందు ఉంది. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు, తొమ్మిదో నెలలో తట్టు-రూబెల్లా సూది, విటమిన్ ఎ చుక్కలు. ఆ తర్వాత మళ్లీ పదహారో నెల దాకా టీకా లేదు. పిలిస్తే తిరగడం, వేలు చూపించడం, తొలి మాట, తొలి అడుగు, చాలామందికి ఈ ఏడు నెలల్లోనే వస్తాయి. ఆ కాలంలో జ్వరం వస్తే తప్ప ఏ ఆసుపత్రీ బిడ్డను చూడదు. 2018 నుంచి అమల్లో ఉన్న ఇంటి సందర్శనల ప్రకారం 12వ, 15వ నెలల్లో ఆ గుమ్మం ఎక్కాల్సింది ఆశా కార్యకర్త ఒక్కరే. ఆమె వచ్చినప్పుడు బరువు, తిండి, సిరప్‌తో పాటు రెండు ప్రశ్నలు అడగాలి. వెనక నుంచి మెల్లగా పిలిస్తే తిరుగుతోందా? కావలసింది వేలుతో చూపిస్తోందా? ఆమె అడగకపోతే తల్లే చెప్పాలి. రెండింటికీ లేదు అన్న జవాబు వస్తే, నడక వచ్చినా రాకపోయినా, ఆ వారమే చెవి పరీక్షకు ఏలూరు బస్సెక్కాలి.